దొర బంగ్లాలో తలవంచుకున్న బొమ్మ

ఆదివారం పత్రికలో ఎవరో మహానుభావుడు "నూజివీడు వైపు వెళ్లేవాళ్లు చూసి తీరాల్సిన చోటు" అని రాశాడు. రాసినాయన చూసి ఉండడని నాకిప్పుడు గట్టి నమ్మకం. క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందిన ఒక తెల్ల కుటుంబం మామిడితోటల మధ్య బంగ్లా కట్టుకుందట. వాళ్లు వెళ్లిపోయాక చాలాకాలం పాడుబడి ఉంటే ఈమధ్యే మ్యూజియం చేశారట. ఎనభై అయిదు మే నెలలో ఒక ఆదివారం, బుద్ధి గడ్డి తిని, బెజవాడలో ఉదయం ఆరున్నర పాసింజరు ఎక్కాను.

నూజివీడు స్టేషన్లో దిగితే నూజివీడులో దిగినట్టు కాదు. స్టేషను హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంటుంది, ఊరికి మళ్లీ బస్సెక్కాలి. ఈ సంగతి పత్రికాయన రాయలేదు. జంక్షన్లో రెండిడ్లీలు తిని, కాఫీ అని పేరుపెట్టిన వేడినీళ్లు తాగి, ఎనిమిదింటి బస్సులో నిలబడ్డాను. కాలు పెట్టిన చోటల్లా మామిడిపళ్ల బుట్టలే.

"జాగ్రత్తండీ, రసాలవి!" అన్నాడొక రైతు. ఆయన బెంగ పళ్ల గురించే, నా కాళ్ల గురించి కాదు.

నూజివీడులో తొమ్మిదిన్నరకి మైలవరం బస్సు. దొర బంగ్లా దగ్గర ఆపమని కండక్టరుకు చెప్పగానే పక్కసీట్లో కూర్చున్నావిడ నా వైపు తిరిగింది. అరవై దాటి ఉంటాయి. పేరు మంగమ్మ, తోటల్లో కూలిపని.

"నేనూ అక్కడికేనండి. మా నాయన్ని దొంగని చేసి బొమ్మ పెట్టారంటండి. మా ఊరోళ్లు చూసొచ్చి నవ్వుతున్నారు. తీసెయ్యమని అడుగుదామని పోతన్నా."

వాళ్ల నాన్న వీరాస్వామి ఆ దొరల తోటలో మామిడి అంట్లు కట్టేవాడట. కాయ కాదుగదా, రాలిన పిందె కూడా అడక్కుండా ముట్టేవాడు కాదని ఆవిడ దారిపొడుగునా చెబుతూనే ఉంది.

పదిన్నరకి దిగాం. టికెట్టు అర్ధరూపాయి, అదీ దండగే. ముందుగదిలో గోడకి రెండు తుపాకులు, మధ్య పులి తల. క్వేకర్లు ఆయుధం ముట్టరని గుమ్మంలో వాళ్లే చేతికిచ్చిన కాగితంలో అచ్చేసి ఉంది. మరి ఈ తుపాకులెక్కడివని కాపలావాణ్ణి అడిగాను.

"దొర బంగ్లా అన్నాక తుపాకులుండాలి కదండీ! బయటినుంచి తెప్పించారు" అన్నాడు. ఇంత నిజాయితీ ఆ బంగ్లాలో ఇంకెక్కడా దొరకలేదు.

లోపలి పెద్దగదికి 'దర్బారు హాలు' అని బోర్డు. ఎదురెదురుగా రెండు వరసల చెక్కబల్లలు, వాటికి అడ్డంగా తాడు. గోడమీద పెద్దది చేయించిన పాత ఫొటో. అందులో ఒకవైపు బల్లమీద దొర, దొరసాని, ఇద్దరు పిల్లలు. ఎదురు బల్లమీద నలుగురు కూలీలు. ముందున్నవాడు ఒళ్లో చేతులు కలిపి తలవంచుకున్నాడు. అచ్చం అలాగే చేయించిన సున్నపు బొమ్మ ఆ బల్లమీద ఉంది. దాని చేతులకి తాళ్లు కట్టి, మెడలో ఒక అట్ట తగిలించారు.

"ఏం రాసుందండి?" అంది మంగమ్మ. ఆవిడకి చదువు రాదు.

"మామిడికాయల దొంగ. దొరగారి తీర్పు కోసం ఎదురుచూస్తున్నాడు" అని చదివాను. చదువొచ్చినందుకు సిగ్గేసింది.

"తీర్పేంటండి! అది ఆదివారం పూజ. పాట లేదు, పాస్టరు లేడు. గంటసేపు తలొంచుకుని, నోరెత్తకుండా కూర్చోటమే. పనోళ్లూ అవే బల్లల మీద కూర్చునేవోళ్లు. ఊళ్లో మమ్మల్ని బల్లెక్కనిచ్చినోళ్లు ఇంకెవరండి? మా నాయన నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకునేవోడు."

ఈలోగా సఫారీ సూటులో మ్యూజియం అధికారి వచ్చాడు. "మేం రీసెర్చ్ చేసే పెట్టాం సార్. తలొంచుకున్నాడు, చేతులు కట్టుకున్నాడు. ముద్దాయి కాకపోతే ఎవరు?"

నాకు ఒళ్లు మండింది. "దొర కూడా తలొంచుకునే ఉన్నాడు. ఆయనేం దొంగిలించాడు?"

అతను ఫొటో వంక చూశాడు. చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. దొర, దొరసాని, ఆఖరికి పిల్లలు కూడా తలలు వంచుకునే ఉన్నారు. రీసెర్చికి అంత చిన్న విషయం ఆనలేదు.

"అర్జీ పెట్టుకోండి, పైకి పంపిస్తాం. బొమ్మ శాంక్షనయిన ఐటమ్ సార్, నా చేతుల్లో లేదు" అన్నాడు.

మంగమ్మ అడ్డంగా ఉన్న తాడు ఎత్తి లోపలికి వెళ్లి, బొమ్మ పక్కన కూర్చుని తలవంచుకుంది. "ఏవమ్మా, కూర్చోకూడదు, లెగు!" అని కాపలావాడు అరిచాడు. పలకలేదు. నేనూ వెళ్లి ఎదురు బల్లమీద, దొర వైపున, కూర్చున్నాను. బదులు పలకని మనుషుల మీద ఎవడైనా ఎంతసేపని అరుస్తాడు? కాసేపటికి కాపలావాడూ ఊరుకున్నాడు. పిల్లలతో చూడవచ్చిన కుటుంబం ఒకటి గుమ్మంలోనే చెప్పులు విప్పి నిలబడింది. నా వాచీ ప్రకారం పావుగంట. ఆ బంగ్లాలో మనిషన్నవాడికి దక్కిన మర్యాద ఆ పావుగంటే.

తరవాత మంగమ్మ లేచింది. బొమ్మ చేతుల తాళ్లు విప్పింది. మెడలో అట్ట తీసి సంచీలో పెట్టుకుంది.

"అమ్మా, అది గవర్నమెంటు ప్రాపర్టీ!" అన్నాడు అధికారి.

"అర్జీ పెట్టుకోండి, మేమూ చూస్తాం" అన్నాను నేను.

ఒంటిగంట బస్సులో తిరుగుప్రయాణం. మీరు వెళ్తే తుపాకుల గది వదిలెయ్యండి, కాగితం చదవకండి. ఫొటో చూడండి, కాపలావాడు ఏమరుపాటున ఉంటే ఆ బల్లమీద కూర్చోండి. తక్కినదంతా చూసి నేను పోగొట్టుకున్నది ఒక ఆదివారం, మీరూ పోగొట్టుకోనక్కర్లేదు.

అట్ట ఏం చేస్తారని మంగమ్మని అడిగాను.

"నవ్వినోళ్లందరికీ చూపిచ్చి, పొయ్యిలో పెడతానండి." తన ఊరి మలుపు దగ్గర దిగుతూ, కమ్మీ పట్టుకుని ఆగింది. "మా నాయన వారానికి ఒక్క గంటే తలొంచేవోడండి. అదీ, దొర కూడా వంచితేనే."