డి.డి. గారి శకం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు వానాకాలంలో నన్ను హైదరాబాదు నుంచి వికారాబాదుకు సిస్టమ్స్ ఆఫీసరుగా బదిలీ చేశారు. పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుంది. ఉత్తర్వు చేతికిచ్చిన సూపరింటెండెంటు, అనంతగిరి గాలి ఆరోగ్యానికి చాలా మంచిదని చెప్పాడు. మా శాఖలో గిట్టని వాళ్ల ఆరోగ్యం గురించి అందరూ ప్రత్యేక శ్రద్ధ తీసుకునేవారు.

చదువు ముగించిన పిల్లలకు ఉద్యోగానికి పనికొచ్చే శిక్షణ ఇవ్వడం మా శాఖ పని. మొబైల్ యాప్‌ల తయారీ నేర్పే కేంద్రాలు జిల్లాలో మాకు రెండుండేవి. ఒకటి వికారాబాదులో, మా ఆఫీసు కింది అంతస్తులోనే. రెండోది తాండూరులో. రెండు చోట్లా కంప్యూటర్లు లినక్స్ మీద నడిచేవి. లినక్స్ గురించి మా పైవాళ్లకు తెలిసింది ఒక్కటే, అది ఉచితమని. అంతకుమించి తెలుసుకోవాల్సిన అవసరం వాళ్లకెప్పుడూ కలగలేదు.

యాప్ తయారు చేయాలంటే టూల్‌కిట్ కావాలి. రాసిన ప్రోగ్రామును ఫోనుకు అర్థమయ్యేలా మార్చే సాధనం, తప్పులు పట్టే సాధనం, యాప్‌ను నడిపి చూసుకోవడానికి తెర మీదే ఒక ఉత్తుత్తి ఫోను, వాటి వెంట సవాలక్ష సరంజామా. ఇదంతా ఒక్కో కంప్యూటరూ విడివిడిగా ఇంటర్నెట్ నుంచి దించుకోవాలంటే తాండూరు కేంద్రానికున్న కనెక్షన్‌తో ఒక బ్యాచి శిక్షణ అయిపోయి ఇంకో బ్యాచి వచ్చేది. అందుకని ఆ సామానంతా ఒకచోట చేర్చి ప్యాకేజీగా కట్టడం నా పనిగా పెట్టుకున్నాను.

ప్యాకేజీ అంటే మూట. మూటతోపాటు ఒక చీటీ ఉంటుంది. అందులో మూట పేరు, వెర్షన్ నంబరు, దీనికంటే ముందు యంత్రంలో ఏమేం ఉండాలో రాసి ఉంటుంది. కట్టిన మూటను వికారాబాదు సర్వర్లో పెట్టి, తాండూరుకు ఒక కాపీ డిస్కులో పంపేదాన్ని; అక్కడ ఒక్కో కంప్యూటరులోకీ దాన్ని ఎక్కించుకునేవారు. రోజూ పొద్దున ప్రతి కంప్యూటరూ ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది: ఇదే పేరుతో నా దగ్గరున్న నంబరు కంటే పెద్ద నంబరు మూట ఉందా? ఉంటే తెచ్చుకుంటుంది. లేకపోతే, నా దగ్గరున్నదే కొత్తది అని చెప్పి ఊరుకుంటుంది. మూటలో ఏముందో దానికి అనవసరం. ఈ విషయంలో దానికీ మా కార్యాలయానికీ పెద్ద తేడా లేదు.

అప్పట్లో మా పై అధికారి ఉప సంచాలకులు. అందరం డి.డి. గారు అనేవాళ్లం. ఒక సమీక్షా సమావేశంలో ఆయన నా నివేదికను నిశితంగా పరిశీలించి, నన్ను నిలబెట్టి అడిగారు.

"మేడం, పోయిన నెల మూడు పాయింట్ ఏడు ఉండె. ఈ నెల మూడు పాయింట్ పది అంటున్నరు. అంటే తగ్గింది కదా?"

వెర్షన్ నంబరులో చుక్క దశాంశ బిందువు కాదని, ఏడు తర్వాత ఎనిమిది, తొమ్మిది, పది వస్తాయని చెప్పాను. ఆయన విన్నారు. విని, ఇది ఆడిట్ వాళ్లకు అర్థం కాదని తేల్చారు. మా ఆఫీసులో కాగితం పుట్టిందంటే దాని నంబరులో ఆర్థిక సంవత్సరం ఉండాలి. మూట మాత్రం ఏం పాపం చేసింది? ఇకపై వెర్షన్లకు ఆర్థిక సంవత్సరమే వేయాలని ఫైలు మీద రాసి పంపారు. నోటిమాటగా అభ్యంతరం చెప్పాను కానీ కాగితం మీద పెట్టలేదు. చూశాను అని సంతకం చేశాను. మూట నంబరు 2022-23 అయింది.

ఈ గీత సంగతి చెప్పాలి. ప్యాకేజీ నంబరులో గీతకు ముందున్నది సరుకు వెర్షన్, తర్వాతది దాన్ని ఎన్నోసారి మూట కట్టామన్న లెక్క. కాబట్టి మా కంప్యూటర్లకు అర్థమైంది ఇది: టూల్‌కిట్ మూడో వెర్షన్ నుంచి ఒక్క గంతులో రెండువేల ఇరవై రెండో వెర్షన్‌కు చేరింది, మేడం దాన్ని ఇరవైమూడుసార్లు కట్టింది. యంత్రాలు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాయి. పెద్ద నంబరు కదా. అన్నీ సజావుగా నడిచాయి. నంబర్ల విధానంలో ఏకరూపత తెచ్చినందుకు డి.డి. గారిని పై సమావేశంలో మెచ్చుకున్నారని కూడా విన్నాను.

వేసవిలో ఆయనకు బదిలీ అయింది. కొత్త డి.డి. గారు ఈ నంబరు చూసి, ఇదేం విడ్డూరం, టూల్‌కిట్ తయారుచేసిన వాళ్లు వేసిన నంబరే మనమూ వేద్దాం అన్నారు. ఇంగితం తెలిసిన అధికారి దొరికాడన్న సంతోషంలో నేను ఒళ్లు మరిచిపోయాను. ఆ రోజే కొత్త మూటకు 3.13-1 అని నంబరు వేసి సర్వర్లో పెట్టాను, తాండూరుకు డిస్కు పంపాను. సరిగ్గా అప్పుడే వికారాబాదు కేంద్రానికి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పెద్దలు వచ్చి చూసేది అదే కేంద్రం కాబట్టి కొత్తవి అక్కడికే వచ్చేవి. వాటి మీద మూట విప్పి చూశాను. భేషుగ్గా పనిచేసింది. పరీక్షించాను అని రాసుకున్నాను.

తాండూరులో పాత యంత్రాలే ఉన్నాయి.

అక్కడి బోధకురాలు రిజ్వానా. కాంట్రాక్టు ఉద్యోగి, ముప్పై దాటని మనిషి. మాటకు ముందు సలాం చెప్పేది, తర్వాత విషయం సూటిగా చెప్పేది. కొత్త మూట పంపిన నెలకు ఆమె ఫోన్ చేసి, పాఠంలో చూపించిన బటను తమ దగ్గర లేదంది. అప్‌డేట్ చేసుకోమన్నాను. చేసిన మేడం, ఉన్నదే కొత్తది అని అంటున్నది, అంది. డిస్కు సరిగా పెట్టావా అని అడిగాను. పెట్టానంది. అంతటితో నాకు విషయం బోధపడింది, అంటే బోధపడిందనుకున్నాను. ఫిర్యాదుల రిజిస్టరులో కారణం అన్న గడి ఉంటుంది. అందులో "వాడుకరి పొరపాటు" అని రాసి, పక్క గడిలో "పరిష్కరించబడినది" అని ముగించాను. డిసెంబరు లోపు ఆమె ఇంకో నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాలుగుసార్లూ అదే రాశాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

ఆ రిజిస్టరును ఎవరూ చదవరని నా ధీమా. ప్రధాన కార్యాలయంలో ఒకాయన చదివాడు. తాండూరు సిబ్బంది తరచూ పొరపాట్లు చేస్తున్నారనీ, జనవరి బ్యాచి ప్రాక్టికల్ పరీక్షలోనూ ఇబ్బంది వస్తే ఆ కేంద్రాన్ని వికారాబాదులో విలీనం చేస్తామనీ లేఖ వచ్చింది. మా శాఖ దేన్నీ మూసెయ్యదు. విలీనం చేస్తుంది. తాండూరులో చేరిన ఇరవైనాలుగు మందిలో పద్దెనిమిది మంది ఆడపిల్లలు. ఊళ్లో ఉంది కాబట్టే ఇంట్లో పంపుతున్నారు. వికారాబాదు అంటే సగం మంది మానేస్తారని రిజ్వానా జవాబు రాసింది. దానికి ఎవరూ జవాబివ్వలేదు.

పరీక్షకు ముందురోజు పదిగంటలకు నమూనా పరీక్ష. పరీక్షకు పంపిన ప్రాజెక్టు మూట మీది నంబరు చూడదు, లోపలున్న సాధనం కనీసం 3.13 వెర్షన్ కావాలని అడుగుతుంది. పదీ పదికి రిజ్వానా ఫోన్ చేసింది.

"మేడం, ఒక్క సిస్టంల గూడ యాప్ తయారైత లేదు. గీ సిస్టమేమో నా దగ్గరున్నదే కొత్తది అంటున్నది. గా ప్రాజెక్టేమో నీది పాతది పో అంటున్నది. ఇద్దరిట్ల ఎవరి మాట వినాలె?"

వెర్షన్ ఎంత చూపిస్తుందో చదవమన్నాను.

"రెండువేల ఇరవై రెండు, గీత, ఇరవై మూడు."

ఏడు నెలలుగా తాండూరు యంత్రాలు రోజూ పొద్దున రెండువేల ఇరవై రెండు కంటే పెద్దది ఉందా అని అడుగుతున్నాయి. నేను మూడు చూపిస్తున్నాను. అవి మర్యాదగా వద్దంటున్నాయి. వికారాబాదు కొత్త యంత్రాల్లో పాత మూటే లేదు కాబట్టి అవి అడ్డు చెప్పలేదు. ఈ తగాదాలో రిజ్వానా చేసిన పొరపాటల్లా నిజం చెప్పడమే. ముప్పై రెండేళ్ల సర్వీసులో అంతగా సిగ్గుపడ్డ రోజు నాకు ఇంకోటి లేదు. పోనీ పాత మూట తీసేసి కొత్తది పెట్టుకొమ్మందామంటే, ఆ అధికారం నా పాస్‌వర్డుకు తప్ప ఆమెకు లేదు. భద్రత కోసం నేనే ఇవ్వలేదు.

ఇలాంటి తెలివితక్కువ పనులు చేసేవాళ్లు ఉంటారని ప్యాకేజీ పద్ధతి పెట్టినవాళ్లు ముందే ఊహించారు. వెర్షన్ ముందు ఒక అంకె, రెండు చుక్కలు పెడితే, ఇంతవరకు జరిగిన లెక్కంతా మరిచిపో, ఇక్కడినుంచి కొత్త లెక్క అని యంత్రానికి అర్థం. దాన్ని శకం అంటారు. ఒక్కటే షరతు. ఒకసారి శకం మొదలుపెడితే ఆ మూట ఉన్నంతకాలం తీసెయ్యడానికి వీల్లేదు. ఎవరైనా తీస్తే యంత్రాలు మళ్లీ మొండికేస్తాయి. దండయాత్రలు చేసి రాజ్యాలు గెలిచిన రాజులకు శకాలుండేవి. మా పాత డి.డి. గారు సమీక్షా సమావేశంలో కూర్చుని సంపాదించారు.

1:3.13-2 అని నంబరు వేసి మూట కట్టాను. ఈసారి మూలన పడేసిన ఒక పాత యంత్రం దుమ్ము దులిపి, దాని మీద విప్పి చూశాను. డిస్కు పట్టుకుని మధ్యాహ్నం బండిలో తాండూరు వెళ్లాను. కందులు మార్కెట్‌కు వచ్చే రోజులు, స్టేషను బయట అడుగు తీసి అడుగు వెయ్యడానికి లేదు. కేంద్రంలో పిల్లలెవరూ ఇంటికి వెళ్లలేదు. మొదటి కంప్యూటర్లో డిస్కు పెట్టి అప్‌డేట్ నొక్కమన్నాను. కొత్త వెర్షన్ ఉంది, తెచ్చుకోనా అని అడిగింది. ఏడు నెలల్లో అది ఆ మాట అనడం అదే మొదలు. సాయంత్రం టీ వేళకు ఇరవైనాలుగు కంప్యూటర్లూ పూర్తయ్యాయి. బషీరాబాద్ వైపు నుంచి వచ్చే నాగవేణి అనే అమ్మాయి తన యాప్ నడిపి చూసుకుంది. నాపరాయి పొడవు వెడల్పు కొడితే ఎన్ని చదరపు అడుగులో చెప్పే యాప్ అది. తెర మీది ఫోనులో జవాబు రాగానే, "బంతు మేడం" అని, వచ్చిందన్న మాటను కన్నడంలో అనేసి నాలిక కరుచుకుంది.

అందరి ముందే రిజ్వానాకు చెప్పాను, తప్పు నాదని, ఐదుసార్లు ఆమె మీద రాశానని, క్షమించమని. ఆమె ఒక కంప్యూటరు ఆపేస్తూ, తల తిప్పకుండా అంది.

"పోనీయుర్రి మేడం. కని ఒక్కసారి మీరొచ్చి చూస్తె అప్పుడే తెలుస్తుండె."

మర్నాడు పరీక్ష ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. విలీనం ప్రస్తుతానికి వాయిదా వేశామని ఆ నెలాఖరులో లేఖ వచ్చింది. రిజిస్టరులో నా ఐదు రాతలూ సరిదిద్దడానికి అనుమతి కోరుతూ ఫైలు పెట్టాను. రిజిస్టరులో దిద్దుబాట్లు నిబంధనలకు విరుద్ధమని తిరిగొచ్చింది. అయితే ప్రతి మూటలోనూ మార్పుల చిట్టా ఒకటి ఉంటుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. శకం ఎందుకు మొదలైందో, ఎవరు తప్పు చేశారో, తాండూరు నుంచి ఎవరు ఎన్నిసార్లు చెప్పారో అందులో పేర్లతో సహా రాశాను. దాని నకలు ప్రధాన కార్యాలయానికి పంపాను. ఆ మూట వేసుకున్న ప్రతి యంత్రంలోనూ అది ఉంటుంది.

ఈ ఉదంతం వల్ల నేర్చుకున్నవి రాసి ముగిస్తాను. మూట కట్టినవాళ్లు దాన్ని కొత్త యంత్రం మీద కాకుండా, అందరికంటే పాత యంత్రం మీద పరీక్షించాలి. అభ్యంతరం నోటితో చెప్పి సంతకం చేతితో పెడితే, మిగిలేది సంతకమే. వాడుకరి పొరపాటు అని రాసేముందు ఆ వాడుకరి దగ్గరికి వెళ్లి చూడాలి. వికారాబాదు నుంచి తాండూరుకు రైల్లో గంట ప్రయాణం. నాకు ఏడు నెలలు పట్టింది.