చేతులుండగా యంత్రమెందుకు

ఆ వృద్ధుల ఇంట్లో ఆమెని అందరూ క్రేనమ్మ అనేవారు. ఎంత బరువైన మనిషినైనా సరే, చంకల కింద చేతులు వేసి, "ఊఁ, నా మెడ పట్టుకోండి" అని ఒక్క ఊపులో మంచం మీంచి కుర్చీలోకి చేర్చేసేది. అత్తగారు మంచాన పడి ఉన్నన్నాళ్లూ ఇంట్లో నేర్చుకున్న విద్య అది. ఆవిడ పోయాక ఖాళీ మంచం వంక చూస్తూ కూర్చోలేక ఇక్కడ ఆయాగా చేరింది.

"ఇంట్లో చేసింది చాలలేదా?" అని సణిగాడు మొగుడు.

"అలవాటైన చేతులండీ, ఊరుకోమంటే ఊరుకోవు," అంది.

కిటికీ పక్క మంచం కుట్టుమామ్మది. జీవితమంతా కుట్టుమిషను తొక్కి తొక్కి పిల్లల్ని పెంచిన మనిషి. ఇప్పుడు కాళ్లు కదలవు గానీ నోరు మాత్రం కత్తెరే. పొద్దున్నే స్నానం కాగానే ఆవిడ్ని వరండాలో ఎండలో కూర్చోబెట్టడం క్రేనమ్మ పని. దారిపొడుగునా ఇద్దరికీ తగాదా. ఆ తగాదా లేని రోజు ఇద్దరికీ అన్నం సయించేది కాదు.

ఓ రోజు ఎత్తబోతుండగా క్రేనమ్మ నడుం కలుక్కుమంది. మోకాళ్లు వంగిపోయాయి. మామ్మ తల నేలకి తగలకుండా తను కిందపడి, ఆవిడ్ని మీద వేసుకుంది. మామ్మ మోచేతి చర్మం కాగితంలా లేచిపోయింది.

"చూడవే, నన్ను కుర్చీలో కూర్చోబెట్టమంటే నువ్వే పరుపయ్యావు!" అంది మామ్మ, నవ్వించాలని. క్రేనమ్మకి నవ్వు రాలేదు. ఆ రక్తం తుడుస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది.

నడుం కుదుటపడి తిరిగొచ్చేసరికి గదిలో ఓ యంత్రం ఉంది. చక్రాల మీద ఇనుప స్తంభం, పైన కొక్కేలు, వాటికి వేలాడే గుడ్డ ఊయల. బొత్తం నొక్కితే మనిషిని మెల్లగా పైకెత్తుతుంది. ఇకమీదట చేతుల్తో ఎత్తకూడదనీ, ఎత్తేటప్పుడు పక్కన ఇద్దరుండాలనీ, ఎత్తే ముందు ప్రతిసారీ పట్టీలు చూసుకోవాలనీ మేనేజరమ్మ చెప్పింది.

క్రేనమ్మ మొహం చిన్నబోయింది. "చేతులుండగా యంత్రమెందుకమ్మా?"

"నీ నడుమూ నడుమే, ఆవిడ ఎముకా ఎముకే. బరువు దాన్ని మొయ్యనీ. నీ చేతులు ఆవిడ్ని పట్టుకోడానికుంటాయి."

ఆ మాట క్రేనమ్మకి సగమే నచ్చింది. మామ్మకి అసలు నచ్చలేదు.

"నేనేమన్నా బస్తానా, కొక్కేనికి తగిలించడానికి? చచ్చినా ఎక్కను!"

అన్నట్టే ఎక్కలేదు. మంచం మీదే ఒళ్లు తుడిపించుకుంది, వరండా మానేసింది. బతిమాలితే గోడవైపు తిరిగి కళ్లు మూసుకునేది. ఓ రోజు ఒళ్లు తుడుస్తుంటే నడుం కింద ఎర్రటి మచ్చ కనిపించింది. అత్తగారికీ అలాగే మొదలై, చివరికి పుండై కూర్చుంది.

వెంటనే మేనేజరమ్మకి చూపించి, ఇంకో ఆయాని వెంటబెట్టుకొచ్చి, చెప్పులు విడిచి తనే ఆ ఊయల్లో కూర్చుంది. యంత్రానికి తీగతో వేలాడే బొత్తాల పెట్టె మామ్మ చేతికిచ్చింది.

"ఎత్తండి నన్ను."

"నేనా?"

"ఇన్నాళ్లూ నేనెత్తలేదూ? ఈసారి మీ వంతు."

మామ్మ అనుమానంగానే నొక్కింది. క్రేనమ్మ లేచింది. గాల్లో కాళ్లు ఆడుతుంటే లోపల ప్రాణం జారినట్టయింది. అప్పటికిగాని తెలియలేదు ఆమెకి, ఆ ముసలావిడ భయం ఎంతటిదో.

"నిజమే మామ్మగారూ, భయంగానే ఉంది," అంది. "నా చెయ్యి పట్టుకోరూ."

మామ్మ గబగబా చెయ్యి చాపి పట్టుకుంది. అంతలోనే ఆవిడ పెదాలు కొంటెగా కదిలాయి.

"దొరికావే! ఇప్పుడు చెప్పు, నిన్న నా కాఫీలో పంచదార ఎగ్గొట్టింది నువ్వేనా?"

"డాక్టరుగారు వద్దన్నారండీ!"

"అయితే అక్కడే ఉండు."

ముగ్గురూ పగలబడి నవ్వారు. క్రేనమ్మ దిగాక మామ్మ ఊయల గుడ్డని ఒళ్లోకి తెప్పించుకుంది. చూపు ఆనకపోయినా వేళ్లతో పట్టీలన్నీ తడిమింది, కుట్టు కుట్టూ గోటితో లాగి చూసింది.

"గట్టిగానే కుట్టాడు. రేపు చూద్దాం."

మర్నాడు ఎక్కింది. ఇంకో ఆయా బొత్తం నొక్కుతుంటే, క్రేనమ్మ మామ్మ చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడింది.

"వదలకే."

"వదలనండీ."

కుర్చీలోకి దింపి వరండాలోకి తోసుకెళ్లారు. ఎండ తగలగానే మామ్మ కళ్లు మూసుకుని, "అబ్బ!" అంది. మచ్చ నెమ్మదిగా పోయింది. పట్టీలు చూసే పని మేనేజరమ్మ ఒప్పుకోలుతో మామ్మకీ కొంత దక్కింది. ఆయాలు కళ్లతో చూశాక, ఆవిడ వేళ్లతో చూసేది. కొత్తగా చేరినవాళ్లెవరైనా యంత్రాన్ని చూసి బెదిరితే క్రేనమ్మ వాళ్ల పక్కన కూర్చుని, తనకి గాల్లో కాళ్లాడినప్పుడు ఎలా ఉందో చెప్పేది. తొందరపెట్టేది కాదు.