నకలు ఎవరు తీశారు?

దయ్యం, గాలి అంటే నవ్వి ఊరుకునే మనిషిని నేను. శ్మశానం పక్క చేలో ఒక్కదాన్నే పత్తి ఏరినదాన్ని. ఇది చదివి నాకు భయమెక్కువ అనుకోవద్దు.

మాది కరీంనగర్ దగ్గరి పల్లె. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో నేను, మా బిడ్డ రజిత, ఇద్దరమే. నేను మూడో తరగతిలో బడి మానేసి బీడీలు చుట్టడానికి కూర్చున్నాను. చదువు రాకపోయినా ఒకసారి విన్నది మరిచిపోను. రజిత బట్టల దుకాణంలో పని మానేసి, కరీంనగర్‌లో వెబ్‌సైట్లు తయారు చేయడం నేర్చుకునేది.

అక్కడ వాళ్లకు ముందుగా నేర్పింది నల్ల తెర. దాంట్లో బొమ్మలుండవు, మౌసుతో నొక్కేదేమీ ఉండదు. ఏం కావాలన్నా అక్షరాలు కొట్టి చెప్పాలి. రజితకు ఆ మాటలు గుర్తుండేవి కావు. పొద్దున నేను బీడీలు చుడుతుంటే తను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుని చదివేది. రెండోసారికి నాకే వచ్చేసేవి.

పీడబ్ల్యూడీ అంటే మనం ఏ ఫోల్డర్‌లో ఉన్నామో చెబుతుంది. ఎల్ఎస్ అంటే అక్కడ ఏమున్నాయో చూపిస్తుంది. సీడీ అంటే ఇంకో ఫోల్డర్‌లోకి తీసుకుపోతుంది. ఆర్ఎం అంటే తీసేస్తుంది. వీటిని బతుకమ్మ పాటలా వరుస కట్టి, చివర ఉయ్యాలో అని కలిపి చెప్పేదాన్ని. నేను చెబుతుంటే తను కొట్టేది.

"నువ్వు చప్పట్లు గూడ కొట్టరాదే అవ్వా, కంప్యూటర్ లేచి ఆడుతది" అని నవ్వేది.

ముందు ఎక్కడున్నామో అడగాలి, ఆ తర్వాతే ఏదైనా. ఆ వరుస నేను తప్పనిచ్చేదాన్ని కాదు.

బతుకమ్మ ముందర ఇల్లు దులిపే రోజులవి. ఒక శుక్రవారం నేను చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి పోయాను. తెల్లవారితే రజిత తన వెబ్‌సైట్‌ను ఒక కంపెనీవాళ్లకు చూపించాలి. నచ్చితే ఉద్యోగం, లేకపోతే మళ్లీ బట్టల దుకాణమే. పోతూ పోతూ, పాత సామానంతా పారెయ్యమని నేనే చెప్పాను.

ఇల్లు సర్దిన చేత్తోనే కంప్యూటర్‌లో పాతవి కూడా దులుపుదామని కూర్చుందట. పాత ఫోల్డర్‌లో ఉన్నాననుకుని, ఇక్కడున్నవన్నీ తీసెయ్యమని కొట్టింది. తీరా చూస్తే ఉన్నది కొత్త పని ఫోల్డర్‌లో. నల్ల తెరలో తీసేసినవి చెత్తబుట్టలోకి కూడా పోవు. పోయాయంటే పోయినట్టే.

నేను వచ్చేసరికి గోడకు ఆనుకుని కూర్చుంది.

"మొత్తం పోయిందవ్వా."

"ఏడున్నవో అడగలేదా బిడ్డా?"

"నువ్వు లేవు గదా. యాది మరిచిన."

ఏం చేయాలో తోచక, మొదటి నుంచి చెబుతాను కొట్టు అన్నాను. పీడబ్ల్యూడీ అన్నాను. ఎల్ఎస్ అన్నాను. తెర మీద ఏమీ లేదు. తర్వాత సీడీ అనాలి. కానీ నా నోట్లోంచి "ఎల్ఎస్, స్పేస్, అడ్డగీత, ఏ" అని వచ్చింది.

రజిత నా ముఖం చూసింది.

"గిది నీకెవలు చెప్పిండ్రు?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

కొట్టి చూసింది. పేరుకు ముందు చుక్క ఉన్న ఫోల్డర్ ఒకటి కనిపించింది. చుక్క ఉన్నవి మామూలుగా కనిపించవట, అన్నీ తీసెయ్యమన్నా నల్ల తెర వాటిని వదిలేస్తుందట. అందులో రజిత పనంతా నకలు తీసి ఉంది, ఒక్కటి కూడా తక్కువ కాకుండా.

నకలు తీసిన సమయం బుధవారం పొద్దున పదకొండు గంటలు. మంగళవారమే రజిత పని ముగించి కంప్యూటర్ ఆపేసింది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది నేను. బుధవారం ఆమె కరీంనగర్‌లో క్లాసులో ఉంది, నేను చావు పలకరింపుకు జగిత్యాల పోయాను. తాళం చెవి శుక్రవారం దాకా నా నడుముకే ఉంది.

రజిత వాళ్ల సారుకు ఫోన్ చేసింది. మనం కొట్టినవన్నీ నల్ల తెర వరుసగా దాచుకుంటుందట, అవి తీసి చదవమన్నాడు. అన్నీ తీసెయ్యమన్న మాట అందులో ఉంది. నకలు తీయమన్న మాట ఎక్కడా లేదు. "అడ్డగీత, ఏ" అన్న మాట తానింకా క్లాసులో చెప్పనే లేదని, నేను ఏ వీడియోలోనో విని ఉంటానని అన్నాడు. ఉండవచ్చు. మరి నకలు? యంత్రమే తీసుకుందేమో అన్నాడు. ఫోన్ పెట్టేముందు, అది తనంతట తాను తీయదులే అని కూడా తనే అన్నాడు.

శనివారం రజిత ఆ నకలునే తీసి చూపించింది. దులపబోయి పోగొట్టుకున్న సంగతి కూడా దాచకుండా చెప్పింది. వాళ్లు వెబ్‌సైట్ కంటే నకలునే ఎక్కువ మెచ్చుకున్నారట. ముందుచూపున్న పిల్ల అన్నారట. అది తీసింది తాను కాదని చెబితే నవ్వారు.

ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండా గడపలోనే నిలబడింది.

"నౌకరీ ఇచ్చిండ్రవ్వా. నేను చెయ్యని పనికి ఇచ్చిండ్రు."

చేతిలో మిఠాయి డబ్బా ఉంది. మంచి జరిగితే, ఎవరి వల్ల జరిగిందో వాళ్లకు ముందు పెట్టి తినడం మా ఇంట్లో అలవాటు. ఎవరికి పెట్టాలో నాకూ తెలియలేదు, రజితకూ తెలియలేదు. డబ్బా మధ్యలో పెట్టుకుని, మూత తీయకుండా చాలాసేపు కూర్చున్నాం.