రేవులో ఎదురు నిలబడ్డాను

హిందూపురంలో మధ్యాహ్నం మూడున్నరకు రైలెక్కాను. కింది బెర్తు అడిగి మరీ రాయించుకున్నాను. పెద్దవాళ్ళెవరైనా అలాగే చేయాలి. సంచిలో రెండు జతల బట్టలు, జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, డజను అరటిపండ్లు.

పోతున్నది విశాఖపట్నానికి. నా కూతురి కూతురు మంజుల తెరచాప పడవల మీద భూమి చుట్టివచ్చే పందెంలో ఉంది. నెలల తరబడి సాగే ఆ పందెంలో పడవలు కొన్ని రేవుల్లో ఆగుతాయి. సరుకులు నింపుకొని, చినిగినవి కుట్టుకొని, మళ్ళీ అన్నీ ఒకేరోజు బయలుదేరతాయి. అప్పుడు గట్టుకు కట్టిన తాడు విప్పే పని ఒక్కో పడవకు ఒక్కో సొంత మనిషిది. “మా పడవకు నువ్వే విప్పాలవ్వా” అని మంజుల ఫోన్ చేసింది.

నా కొడుకు ఒప్పుకోలేదు. మొగుడు పోయిన ఆడది బయలుదేరేవాళ్ళకు ఎదురు రాకూడదని మా వీధిలో ఇప్పటికీ పట్టింపు. “టీవీలో చూస్తువులేమ్మా. సముద్రంలో బిడ్డకేమన్నా అయితే జనం నిన్నే అంటారు” అన్నాడు. మా ఆయన పోయిన పన్నెండేళ్ళుగా ఎవరు ప్రయాణమైనా తలుపు వెనక్కి జరుగుతూనే ఉన్నాను. ఈసారి జరగనని చెప్పాను.

పెనుకొండ దగ్గర కోటగోడల మీద ఎండ వాలింది. ధర్మవరానికి ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరాం. అక్కడ పట్టుచీరల మూటతో ఒకావిడ ఎక్కింది. విజయవాడ అంగళ్ళకు వేయడానికట.

“యాడికి పోతాండావక్కా?”

చెప్పాను. తాడు సంగతి వినగానే ఆమె చూపు నా నుదుటి మీదికి పోయింది.

“ముత్తైదువలెవురూ లేరా?”

“ఉండారు. పిల్ల నన్ను పిలిచింది.”

నా రొట్టెలు తను తింది, తన చిత్రాన్నం నాకు పెట్టింది. పడుకునే ముందు, “తాడు బరువుంటాదేమో, చేతికి గుడ్డ చుట్టుకోక్కా” అంది.

మర్నాడు పదిన్నరకు విశాఖ. స్టేషన్ దగ్గర లాడ్జి గది తొమ్మిది వందలు. వేడినీళ్ళు ఉదయం ఎనిమిది వరకే. రేవులోకి పాసు కావాలి, ఆధార్ మరిచిపోవద్దు.

పడవలు బయలుదేరే రోజు మంజుల గేటు దాకా వచ్చి నన్ను తీసుకెళ్ళింది. ఎండకు దాని ముక్కు తోలు ఊడింది. పడవ దగ్గర నేను సంచి అందించగానే, అందులోకి చూసిన కుర్రాడొకడు రెండు చేతులూ పైకెత్తి వెనక్కి జరిగాడు. మంజులకు నవ్వాగలేదు.

“అరటిపండ్లు పడవెక్కితే కీడంటవ్వా. వీళ్ళ నమ్మకం.”

వాళ్ళ ఊళ్ళో కీడు నేను కాదు, అరటిపండు. మరి మొగుడు పోయినవాళ్ళ సంగతేమిటో కెప్టెన్‌ను అడగమన్నాను. ఆ దొరసాని అర్థంకాక రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత తాడు కొస తెచ్చి నా చేతికిచ్చింది.

తాడు తడిసి బరువుగా ఉంది. చేతికి గుడ్డ చుట్టుకొని, పక్కకు కాకుండా పడవకు సరిగ్గా ఎదురుగా నిలబడి విప్పాను. భయం వేయలేదని అనను. తెరచాపలు లేచాయి. అవి కనిపించినంతసేపూ అక్కడే ఉన్నాను.

తిరుగు ప్రయాణంలో ధర్మవరం దగ్గర తెల్లవారింది. కొడుకు ఫోన్ చేశాడు. మొదటి రాత్రే గాలివాన కొట్టి మంజుల పడవ తెరచాప చినిగిందట. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కుట్టుకుంటూనే పోతున్నారట.

“చెప్తే వింటివా?” అన్నాడు.

“ఎన్ని పడవలవి చినిగినాయప్పా?”

“మూడు” అన్నాడు.

“నేను ఎదురు నిలబడింది ఒగదానికే. తక్కిన రెండింటికీ ఎవురు నిలబడినారో కనుక్కో.”

పెనుకొండ వచ్చేలోపు నల్లబడిన అరటిపండ్లు ఎదుటి సీట్లవాళ్ళకు పంచి, నేనూ రెండు తిన్నాను. హిందూపురంలో దిగి ఇంటికి నడుస్తుంటే, మా వీధి మలుపులో ఒకాయన పెట్టె పట్టుకొని వస్తూ నన్ను చూసి ఆగిపోయాడు. మామూలుగా అయితే నేనే గోడవారకు జరగాలి.

“పోయి రా నాయనా” అన్నాను. అని, వీధి నడిమధ్యనే ఎదురు నడిచాను.