నచ్చిన సరుకుకు పెట్టిన వంక

నాకంటే గట్టి బేరగాణ్ణి మీరు చూసి ఉండరు. పైసా పెట్టుబడి లేకుండా, గొంతు పెంచకుండా, ఒక చాయ్ తాగే సేపట్లో ఒక మనిషి దగ్గరున్న అన్నిటికంటే విలువైన వస్తువును వదిలించాను. అవతలి మనిషి థాంక్స్ చెప్పి మరీ ఇచ్చింది. చాయ్ డబ్బులు కూడా తనే కట్టింది. మా దుకాణం పుట్టిన దగ్గర్నుంచి ఇలాంటి బేరం మా ఇంట్లో ఎవరికీ కుదరలేదు.

గొప్పలు పోతున్నాను కదా. ఏం చెయ్యను, ఈ సంగతి మొదలుపెట్టడానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే. తిన్నగా చెప్పబోతే మధ్యలోనే ఆగిపోతుంది. ఏళ్ళ తరబడి ఆగుతూనే ఉంది. బస్సు తార్నాక చౌరస్తా దాటేటప్పుడు ఇప్పటికీ ఫోన్లోకి తల దించుకుంటాను. ఎవరి కోసం ఆ నటన? ఆ బస్సులో నన్నెరిగినవాళ్ళు ఎవరూ ఉండరు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే నా తప్పు మీద కూడా బేరం మొదలుపెడతాను. కొంత తగ్గించమంటాను.

మాది వారాసిగూడలో స్టీలు సామాన్ల దుకాణం. గల్లా పక్కన కూర్చొని గిన్నెల మోతలో పెరిగినవాణ్ణి. అక్కడ నేర్చుకున్న మొదటి సంగతి: కొనదలచిన మనిషి మెచ్చుకోదు. వచ్చినావిడ చాలా బిందెలు చూస్తుంది. అన్నిటినీ ఊరికే పక్కన పెడుతుంది. ఒక్కదాన్ని మాత్రం తిప్పి తిప్పి, గోటితో కొట్టి, “ఇదేంది, గీడ సొట్టున్నది” అంటుంది. నాన్న నావైపు చూసి కన్ను గీటేవాడు. ఆ బిందె అమ్ముడుపోయినట్టే. “సొట్ట కాదమ్మా, అది నీ నీడ” అనేవాడు. ఆవిడ నవ్వేది. సంగతి ఇద్దరికీ తెలుసు. ఒకరు వంక పెట్టాలి, ఇంకొకరు కాదనాలి. రెండూ ఉంటేనే అది బేరం.

ఇది గుర్తుపెట్టుకోండి. నా తప్పంతా ఇందులోనే ఉంది.

డిగ్రీ అయ్యాక కొన్నాళ్ళు దుకాణంలో కూర్చొని, ఆలస్యంగా యూనివర్సిటీలో ఎం.కాం.లో చేరాను. క్లాసులో అందరికంటే పెద్దవాణ్ణి, పైగా దుకాణంవాణ్ణి. కాబట్టి నా పేరు సేటు. బిజినెస్ కమ్యూనికేషన్ పేపరును కోరి తీసుకున్నాను. మాటలతో సరుకు అమ్మడం నాకొకరు నేర్పేదేముంది, ఊరికే మార్కులు పడతాయనుకున్నాను. నాన్న మాత్రం వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. “గిన్నెలు అమ్మరానోడు ఇగ ఇంగ్లీషు అమ్ముతడట.”

ఆ పేపరు చెప్పిన వసుంధర మేడమ్ మొదటి వారంలోనే నా ఉత్తరం ఒకటి చేతిలోకి తీసుకొని, ఒక్కో వాక్యం పైకి చదివి, ప్రతి వాక్యం చివర “సరే, ఏం జరిగింది?” అని అడిగింది. నా ఉత్తరంలో ఏమీ జరగలేదు. అపారమైన ఉత్సాహం ఉంది, అంకితభావం ఉంది, అత్యుత్తమ సేవ ఉంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఈమెకు సరుకు చూడటం రాదు అనుకున్నాను.

ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏ ఉత్తరమూ నేరుగా ఆమె బల్ల మీదికి పోకూడదు. ఇద్దరిద్దరిని జంట చేసింది. ముందు జంటలోని రెండోవాళ్ళు చదవాలి, ఎక్కడ తడబడ్డారో చెప్పాలి, రాసినవాళ్ళు దిద్దుకోవాలి. రాసినవాళ్ళకు తమ ఉత్తరం ఎప్పుడూ అర్థమవుతుంది కనుక చదివినవాళ్ళ మాట నమ్మాలనేది. నా జంట ఎస్తేరు.

ఎస్తేరుది మెదక్ వైపు ఒక పల్లె. తెలుగు మీడియం. అక్కతో కలిసి మాణికేశ్వర్ నగర్‌లో ఒక్క గదిలో ఉండేది. అక్క బిస్కెట్ల ప్యాకింగుకు పోయి చెల్లెల్ని చదివించేది. ఎస్తేరు క్లాసులో నోరు విప్పేది కాదు. నన్ను సేటన్నా అనేది. అందరూ ఎగతాళిగా పిలిచే పేరు ఆమె నోట నిజమైన గౌరవంలా వినిపించేది.

రైతుల మోటార్లు తయారుచేసే ఒక కంపెనీ, కొనుగోలుదార్లకు జవాబులు రాసే విభాగంలోకి మా క్లాసు నుంచి ఒక్కరిని తీసుకుంటానంది. సగం పూట పని, జీతం, చదువు ఆపక్కర్లేదు. అందరూ దరఖాస్తు ఉత్తరం రాయాలి, అన్నిటికంటే మంచిదాన్ని మేడమ్ పంపుతుంది. ఎస్తేరుకు అది దొరికితే అక్క మీద బరువు దిగుతుంది, దొరక్కపోతే చదువు మానేసి అక్కతోబాటు ప్యాకింగుకు పోవాలి. ఆ మాట తనే చెప్పింది. నాకు? నాకు దుకాణం ఉంది. నాన్న నవ్వు ఆపితే చాలు.

ఒక మధ్యాహ్నం తార్నాకలో ఇరానీ హోటల్లో కూర్చున్నాం. తన కాగితం నా ముందు పెట్టింది. ఇంగ్లీషులోనే రాసింది, చిన్న చిన్న మాటలతో. నేను చాయ్ సాసర్లో పోసుకొని, తీరిగ్గా, తప్పులు పట్టడానికి చదవడం మొదలుపెట్టాను.

వాళ్ళ ఊళ్ళో బావి మోటారు నడిచినట్టే నడిచి ఆగిపోయేదట. ఊరివాళ్ళు కంపెనీకి చాలా ఉత్తరాలు రాశారు, ఎవరూ రాలేదు. ‘ఆ ఉత్తరాల్లో మా కష్టం ఉంది, మోటారు లేదు’ అని రాసింది. తను మోటారు చుట్టూ తిరిగి చూసింది. ఆగే ముందు దాని మోత ఎలా మారిందో వాళ్ళ నాన్నను అడిగింది. మళ్ళీ కాసేపు నడిపించి ఒంటి మీద చెయ్యి పెట్టింది. ముందు భాగం చల్లగా ఉంది, వెనక భాగం చెయ్యి పెట్టనివ్వలేదు. అదంతా ఉన్నదున్నట్టు రాసి పంపింది. ‘మెకానిక్ వచ్చినప్పుడు, మార్చాల్సిన బేరింగు అతని సంచిలోనే ఉంది. ఆ సాయంత్రం మా మడి తడిసింది.’ ఆఖర్న ఇంకొక్క వాక్యం. ‘మీకు వచ్చే ఉత్తరాల్లో మోటారు ఎక్కడుందో వెతకడం నాకు వచ్చు.’

సాసర్లో చాయ్ చల్లారిపోయింది. నేను చూసుకోలేదు.

ఎలా చెప్పను మీకు? మాటలంటే సొట్టల మీద వేసే మెరుగు అనుకుంటూ పెరిగినవాణ్ణి. ఈ కాగితంలో మెరుగు అన్నది లేదు. అయినా ఆ మోటారు వేడి నా అరచేతికి తగిలింది. నేనెప్పుడూ చూడని ఊరి బావి గట్టు మీదున్న ఈ పిల్లకూ, ఎక్కడో సంచి సర్దుకుంటున్న మెకానిక్‌కూ మధ్య ఒక కాగితం ముక్క నడిచిపోయి మడి తడిపి వచ్చింది. రాయడం ఇంత పని చేస్తుందా? అడుక్కోకుండా, పొగడకుండా, ఒట్టి చూపుతో? ఒళ్ళు జలదరించింది. గుళ్ళో కూడా నాకు అలా అవలేదు. ఆ నిమిషంలోనే వసుంధర మేడమ్ అడిగిన ప్రశ్న నాకు మొదటిసారి అర్థమైంది.

“ఎట్లున్నది సేటన్నా?” అంది.

“మంచిగనే ఉన్నది. గని...”

“గని ఏంది? చెప్పు.”

“గీ మోటారు ముచ్చట ఎందుకు? నౌకరీ అడుగుతున్నవా, కరెంటాఫీసుల కంప్లైంట్ ఇస్తున్నవా?”

నవ్వింది. “అట్లనే అయింది గదన్నా, నిజంగ.”

“నిజమైతే ఏంది? నిజాన్ని కడగకుండ, తుడవకుండ పెడితే ఎవడు కొంటడు? జర పాలిష్ ఉండాలె. హార్డ్ వర్కింగ్, డైనమిక్, టీమ్ స్పిరిట్... గట్ల.”

“మరి మోటారు తీసెయ్యాల్నా?”

నేను భుజాలెగరేశాను.

“నువ్వు దుకాణపోళ్ళ పిలగానివి,” అంది. “మా ఇంట్ల అమ్మకం ఎవ్వరికి రాదు. నువ్వు చెప్తే అంతే.”

పెన్ను తీసి ఆ పేరా మొత్తం కొట్టేసింది.

ఇప్పుడు మీరు నమ్మితే నమ్మండి. మొదటి వంక నేను కుట్రతో పెట్టలేదు. నచ్చింది కాబట్టి పెట్టాను. మా ఒంట్లో ఉన్న అలవాటది, మంచి బిందె కనపడితే గోరు దానంతటదే లేస్తుంది. ఆమె కాదంటుందని ఎదురుచూశాను. ‘ఇది సొట్ట కాదన్నా’ అంటుందని. అప్పుడు నేను నవ్వి, మస్తుగున్నది ఎస్తేరూ, అక్షరం ముట్టకు అనేవాణ్ణి. అనేవాణ్ణా? ఏమో. ఆమెకు ఆ ఆట తెలియదు. చదివినవాళ్ళ మాట నమ్మమని మేడమ్ చెప్పింది, నమ్మింది.

కానీ పెన్ను కదులుతున్నంతసేపూ నేను చూస్తూనే ఉన్నాను. అది అలవాటు కాదు. మొదటి మాట అలవాటు, దాని తర్వాతి మౌనం నాది. ఒక్కరినే తీసుకుంటారన్న సంగతి ఆ మౌనంలో నాకు బాగా గుర్తుంది. ‘ఆగు’ అన్న రెండక్షరాలు నోటిదాకా వచ్చాయి. చల్లారిన చాయ్‌తోబాటు మింగేశాను.

ఇంటికి వెళ్ళి నా ఉత్తరం చించేసి మళ్ళీ రాశాను. దుకాణానికి ఒకావిడ ఆవిరి పోతోందని కుక్కరు వాపసు తెచ్చిన సంగతి. రబ్బరు మార్చుకోమని రెండుసార్లు తిప్పి పంపి, చివరికి నేనే స్టవ్ వెలిగించి, నీళ్ళు పోసి, వంగి చూస్తే ఆవిరి మూత దగ్గర కాదు, పిడి బిగించిన చోట నుంచి పోతోంది. నా తప్పుతో సహా చూసింది చూసినట్టు రాశాను. జీవితంలో మొదటిసారి నిజం రాశాను. అది కూడా దొంగిలించిన చూపుతో.

ఎస్తేరుకు చూపించకుండానే బల్ల మీద పెట్టిన నా ఉత్తరాన్ని మేడమ్ క్లాసుకు చదివి వినిపించి, దాన్నే కంపెనీకి పంపింది. ఎస్తేరు ఉత్తరం తిరిగి ఇస్తూ, “ఇది ఎవరైనా రాసి ఉండొచ్చమ్మా” అని మాత్రం అంది. బయట వేపచెట్ల కింద ఎస్తేరు నా దగ్గరికొచ్చింది. “మస్తు రాసినవన్నా. నీ కుక్కరు అచ్చం నా మోటారు లెక్కనే ఉన్నది,” అని నవ్వింది. ఆ నవ్వులో ఏముందో ఈ రోజుకీ నాకు తెలియదు. తెలిసి నవ్విందా, తెలియక నవ్విందా? ఎదుటివాళ్ళ మొహం చూసి ధర చెప్పే వంశంలో పుట్టి, ఆ ఒక్క మొహం చదవలేకపోయాను.

రెండో ఏడాది ఆమె రాలేదు.

కొన్నేళ్ళ తర్వాత తార్నాక బస్టాపులో కనిపించింది. ఒక ఆఫీసులో ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నానంటూ ఫోన్లో ఉత్తరం చూపించింది. ‘నేను హార్డ్ వర్కింగ్, డైనమిక్ వ్యక్తిని. నాలో టీమ్ స్పిరిట్ కలదు.’ మొదటి నుంచి చివరిదాకా అదే. చేసిన పని లేదు, చూసిన వస్తువు లేదు. “అంత నువ్వు చెప్పినట్టే రాసిన సేటన్నా. ఎందుకో జవాబే వస్తలేదు,” అంది.

నేను ఆమె ఉద్యోగాన్ని మాత్రమే తీసుకున్నాననుకున్నాను అన్నాళ్ళూ. కాదు. ఆమె కంటిని మూసి వచ్చాను. మోటారు మీద చెయ్యి పెట్టి రాసిన పిల్ల, ఇప్పుడు ఎవరిదో చెయ్యి అరువు తెచ్చుకొని రాస్తోంది. ఆ చెయ్యి నాది, నేనే పనికిరాదని పారేసిన చెయ్యి.

ఆ రోజైనా చెప్పొచ్చు కదా. చెప్పలేదు. “మంచిగున్నది, పంపు,” అన్నాను. బస్సొచ్చింది, ఎక్కాను. మొదటిది అలవాటన్నాను మీతో. మరి ఇదేమిటి?

ఇప్పుడు అదే కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకు ఉత్తరాలు రాయడం నేనే నేర్పుతున్నాను. ఉత్తరంలో మోటారు ఎక్కడుందో వెతకండి అంటాను. కుర్రాళ్ళు పెన్ను పక్కన పెట్టి నావైపే చూస్తారు, నేను ఒకప్పుడు ఆ కాగితం వైపు చూసినట్టు. ఆ మాట ఎవరిదో చెప్పను. చెప్పిన ప్రతిసారీ ఆ జలదరింపు మాత్రం మళ్ళీ వస్తుంది, కొంచెమైనా తగ్గకుండా. అంత గొప్పది అది. అందుకే ఇంత బరువు.

సరే, లెక్క కట్టేద్దాం. ఈసారి తూకంలో వేలు పెట్టను. నాకు వచ్చినవి: ఉద్యోగం, రాయడం తెలియడం, నాన్న ఎగతాళి ఆగడం. ఆమెకు పోయినవి: ఆ ఉద్యోగం, చదువు, తన కళ్ళ మీద తనకున్న నమ్మకం. నేను ఇచ్చింది: ఒక తప్పుడు సలహా, తర్వాత ఇంకొకటి. వెతికితే ఆమె దొరకని మనిషేం కాదు, వెళ్ళకపోవడం కూడా నా ఖాతాలోనే రాయండి. మీకు ఇది చెప్పడం వల్ల ఆమెకు జమ అయింది: ఏమీ లేదు. నాకు మాత్రం కొంచెం తేలికైంది. చూశారా, ఇందులో కూడా లాభం నాకే.