మా ఇంట్లో రెండు చిమ్నీలు

సికింద్రాబాద్‌లో చలి అంటే డిసెంబరులో కొన్నాళ్ళు పొద్దున్నే పాఠాలు చెప్పడానికి స్కూటీ మీద బడికి వెళ్ళేటప్పుడు నా చెవులకి తెలిసేది. మధ్యాహ్నానికి మళ్ళీ ఫ్యాను వేసుకోవాల్సిందే. అలాంటి ఊళ్ళో, యాప్రాల్‌లో కట్టుకున్న ఇంట్లో, మా ఆయన వాళ్ళ నాన్న, అంటే మా మామయ్య, హాలు గోడకి ఒక పొయ్యి పెట్టించారు. వంటకి కాదు, ముందు కూర్చుని చలి కాచుకోవడానికి. కింద ఇటుకల గూడు, దాని పైన గొట్టం, డాబా దాటి పైకి లేచిన చిమ్నీ. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ గూడు చూసి దేవుడి గది ఇలా కట్టారేమిటా అనుకునేవారు. అంతలో మేం క్రైస్తవులమని గుర్తొచ్చి సోఫాలో కూర్చునేవారు.

మామయ్య సైన్యంలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ భాగం మంచు కొండల్లోనే గడిచింది. అక్కడ గది వెచ్చబడడానికి ఇనప పొయ్యి ఉంటుందట, దాన్ని బుఖారి అంటారట. సెలవులో ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన చెప్పే కబుర్లలో సగం ఆ బుఖారివే. బయట మంచు పడుతుంటే తను దాని పక్కన కూర్చుని టీ తాగడం, చేతులు కాచుకోవడం, కునుకు తీయడం. ఈ ఊరి ఉర్దూలో బుఖార్ అంటే జ్వరం కాబట్టి, ఆ మాట వింటేనే తనకి ఒళ్ళు కాలిపోతుందని మా అత్తయ్య అనేవారు.

ఆవిడ కోపానికి కారణం ఉంది. ఆ ఏళ్ళన్నీ ఆవిడ పద్మారావు నగర్‌లో రెండు గదుల అద్దె వాటాలో ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచారు. తెల్లారకుండానే వీధి పంపు దగ్గర బిందెలతో నిలబడేవారు. "ఆయన అక్కడ వెచ్చగా కూర్చున్నారు, నేను ఇక్కడ తడి చీరతో వణికాను" అనేది ఆవిడ సాక్ష్యం. చర్చిలో చెప్పే సాక్ష్యం ఏడాదికోసారి మారేది గానీ ఇది మాత్రం మారలేదు. కొత్త కోడలిగా వచ్చిన వారంలోనే నాకూ వినిపించారు. అందుకని ఇంట్లో ఈ పొయ్యి లేచేసరికి, తన పాత గాయానికి ఇటుకలు పేర్చి గుడి కట్టినట్టే ఉందావిడకి.

దానికి తోడు అది పొగ కక్కేది.

మొదటిసారి వెలిగించిన సాయంత్రం నాకు బాగా గుర్తు. ఇక్కడో సంగతి చెప్పాలి. చిమ్నీ అంటే మా ముగ్గురికీ మూడు వస్తువులు. అత్తయ్యకి లాంతరు గాజు. నాకు వంటింట్లో గ్యాస్ స్టవ్ పైన గోడకి బిగించిన మిషను, మీట నొక్కితే గుర్రుమని పొగ పీల్చేది. మామయ్యకి ఇటుకల గొట్టం. ఆయన గొట్టంలో ఉండే రేకు తలుపు తీయడం మర్చిపోయి అగ్గిపుల్ల గీశారు. పొగంతా హాల్లోకి దొర్లుకొచ్చింది. "చిమ్నీ, చిమ్నీ తెరువమ్మా" అని దగ్గుతూ కేకేశారు. నేను వంటింట్లోకి పరిగెత్తి నా చిమ్నీని ఫుల్ స్పీడులో పెట్టాను. మా ఇంట్లో వంటింటికీ హాలుకీ మధ్య గోడ లేదు, ఇప్పటి ఫ్యాషను. పొగ ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు హాలంతా దాటుకుని నా దగ్గరికే వచ్చింది. పడగ్గదిలోంచి అత్తయ్య వచ్చి, కరెంటు ఉండగా లాంతరు చిమ్నీ ఎందుకని అడిగారు.

ఆ తరవాతి ఆదివారం చర్చిలో పక్కన కూర్చున్న ఒకావిడ అత్తయ్య పట్టుచీర వాసన చూసి, ఇంట్లో ఏమైనా కాలిందా అమ్మా అని జాలిగా అడిగింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే అత్తయ్య తీర్పు చెప్పేశారు. క్రిస్మస్ లోపల పొగ రాకుండా మండితే సరేసరి. లేదంటే ఆ గూటిని ఇటుకలతో మూసేసి, ముందు చెప్పుల స్టాండు పెట్టిస్తారు. ఎప్పుడూ గడగడా మాట్లాడే మామయ్య ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆయనకిది సరదా కాదని.

రేకు తలుపు తీసి వెలిగించినా పొగ వస్తుండడంతో, ముందు కట్టెల సంగతి చూశారు. అడితిలో కొన్నవి పచ్చివి, మండకుండా బుసబుసమనేవి. వాటిని డాబా మీద ఎండబెట్టారు. నా ఒడియాలకి చోటు లేకుండా పోయింది, దానికి నేను మూతి ముడుచుకున్నాను. ఎండిన కట్టెలకి పొగ కొంచెం తగ్గింది గానీ మానలేదు. తరవాత, పొయ్యి కట్టిన మేస్త్రీని పిలిపించారు. అతను పొయ్యిలోకి తల దూర్చి చూసి, పావురం పెట్టిన గూడొకటి లాగి బయట పడేశాడు. పక్కవాళ్ళు కొత్తగా వేసిన పై అంతస్తు మా చిమ్నీ కన్నా ఎత్తు కాబట్టి గాలి పైనుంచి తన్నుతోందని చెప్పి, చిమ్నీ ఎత్తు పెంచి, వాన పడకుండా టోపీ పెట్టాడు. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ పొగ.

"నేను కట్టింది సక్కగనే ఉన్నది సార్. ఇంటికి దిష్టి తగిలింది, జెర గుమ్మడికాయ కట్టున్రి" అన్నాడు మేస్త్రీ.

అత్తయ్య మా ఇంటికి ప్రార్థన చాలని చెప్పి అతన్ని పంపేశారు. ప్రార్థన ఏమని చేశారో మాత్రం నేను అడగలేదు.

ఇక నా వంతు వచ్చింది. ఫోనులో వెతికి, చిమ్నీ రిపేరు అని ఉన్న నంబరుకి ఫోన్ చేసి, మా చిమ్నీ పొగ లాగడం లేదని చెప్పాను. మర్నాడే ఒకతను టూల్ బ్యాగుతో వచ్చాడు. మామయ్య ఎంతో మర్యాదగా హాల్లో పొయ్యి ముందు కుర్చీ వేశారు. అతను పొయ్యిని ఆ చివరి నుంచి ఈ చివరికి చూశాడు. టార్చి వేసి లోపల చూశాడు. చివరికి నా వైపు తిరిగి, "మేడం, దీనికి మోటర్ ఏడుంది?" అన్నాడు.

నవ్వాపుకోలేక నేను వంటింట్లోకి పోయాను. వచ్చినవాణ్ణి ఊరికే పంపడమెందుకని అక్కడి చిమ్నీ చూపించాను. అతను జాలీలు ఊడదీసి, నెలల తరబడి పట్టిన నూనె జిడ్డంతా కడిగి, మళ్ళీ బిగించి వెళ్ళాడు. అది కొత్తదానిలా లాగడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం మామయ్య పొయ్యి వెలిగిస్తే, మునుపెన్నడూ లేనంత పొగ హాల్లోకి వచ్చింది. అత్తయ్య వెళ్ళి చెప్పుల స్టాండుకి గోడ కొలుచుకున్నారు.

రెండు రోజుల తరవాత చీకటి పడే వేళ, నేను చేపలు వేయిస్తున్నాను, నా చిమ్నీ గుర్రుమంటోంది. మామయ్య పట్టువదలకుండా పొయ్యి దగ్గర కూర్చుని దగ్గుతున్నారు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ చీకట్లో మంట ఒక్కసారి నిటారుగా లేచింది, పొగ బుద్ధిగా గొట్టంలోకి వెళ్ళిపోయింది. ఇద్దరం కదలకుండా చూస్తున్నాం. కరెంటు వచ్చింది, వంటింట్లో గుర్రుమంది, పొగ వెనక్కి తిరిగి మా మొహాల మీదికి వచ్చింది. నేను పరిగెత్తి మీట కట్టేశాను. పొగ మళ్ళీ పైకి పోయింది. చలి అని తలుపులూ కిటికీలూ అన్నీ బిగించుకుని, లోపల గాలినంతా నా చిమ్నీ బయటికి లాగేస్తుంటే, ఆ లోటు తీర్చడానికి గాలి ఆయన చిమ్నీలోంచి కిందికి దిగుతోంది, పొగని వెంటేసుకుని. ఒకే ఇంట్లో ఇద్దరు పెద్దమనుషులు చెరోవైపు లాగుతున్నారన్నమాట. ఆ మాట పైకి అనలేదు గానీ నవ్వొచ్చింది నాకు.

క్రిస్మస్‌కి ముందు సాయంత్రం, వంటలు పెందలాడే ముగించి, నా చిమ్నీ కట్టేసి, కిటికీ ఒకటి బెత్తెడు తెరిచాం. మామయ్య ముందుగా ఒక పేపరు చుట్టి కాల్చి గొట్టాన్ని వేడి చేశారు. తరవాత కట్టెలు అంటించారు. అత్తయ్య శాలువా కప్పుకుని, పరీక్ష పెట్టే టీచరమ్మలా ఎదురుగా కూర్చున్నారు. గాలి పీల్చి చూశారు. చీర చెంగు వాసన చూసుకున్నారు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. నెమ్మదిగా అరచేతులు మంట వైపు చాపారు.

"ఇంత హాయిగా కూర్చున్నారన్నమాట అన్నేళ్ళూ" అన్నారు చివరికి. గొంతులో కోపం లేదు, కోపం కన్నా కష్టమైనదేదో ఉంది.

మామయ్య కట్టె ఎగదోస్తూనే జవాబు చెప్పారు. "నన్నెవరు కూర్చోనిచ్చారు. బుఖారి ఆఫీసరు గదిలో ఉండేది. ఫైలు పట్టుకెళ్ళి గుమ్మం దగ్గర నిలబడేవాణ్ణి. సంతకం అయ్యేదాకా వెచ్చగా ఉండేది."

"మరి అవన్నీ ఎందుకు చెప్పారు నాకు?"

"నువ్వు బెంగపడతావని."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద జాలితో కొంత, లేని వెచ్చదనాన్ని చూసి ఇన్నేళ్ళు కుళ్ళుకున్న ఆవిడ మీద ఇంకాస్త. అత్తయ్య ఏడవలేదు. లేచి వెళ్ళి ఆయన పేము కుర్చీ పట్టుకుని లాగారు.

"ముందుకి జరగండి. అక్కడికి సెగ తగలడం లేదు."

ఆయన జరిగారు. ఆవిడ తన కుర్చీ కూడా పక్కకి లాక్కుని, ఇంకో కట్టె వేశారు. మా ఊరి చలికి ఆ మంట చాలా ఎక్కువ. కాసేపటికి ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. ఇద్దరూ లేవలేదు.