పాషా తుడిచేసిన జీబ్రా

దుమ్ముగూడెం నుంచి ముదిగొండ దాకా ఏ బడి గోడ చూసినా దాదాపు ఒకటే జీబ్రా. అవే చారలు, అదే తోక. అదంతా పెయింటర్ అహ్మద్ పాషా చలవ. ఎప్పుడో పాత ఎక్స్‌రే ఫిలిం మీద అచ్చు కోసి పెట్టుకున్నాడు. గోడకు ఆనించి నల్లరంగు అద్దితే పది నిమిషాల్లో జీబ్రా తయారు. మనిషి మంచివాడే కానీ, తన బొమ్మల దగ్గరికొస్తే ఎవరి మాటా చెవికెక్కదు.

ఆయన జోడీ షాలేమ్‌రాజు. ఇరవై రెండేళ్లు ఒకే మోపెడ్ మీద తిరిగారు. గోడ గీకడం, తెల్లరంగు కొట్టడం, అక్షరాలు రాయడం రాజు పని. బొమ్మలు మాత్రం పాషావి. ఆ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ దాటలేదు.

నాలుగేళ్ల కింద పర్ణశాల దారిలో ఉన్న మా బడికి ఇంగ్లీషు అక్షరాలు వేయడానికి వచ్చారు. ఏ నుంచి వై దాకా అయిపోయింది. చివరికి జెడ్ మిగిలింది.

"పాషా భాయ్, ఈ జీబ్రా ఒక్కటి నేనేస్తా," అన్నాడు రాజు. చర్చి పిల్లలతో హైదరాబాద్ జూకి పోయి వచ్చాడట. "ఒకదాని చారలు ఇంకోదానికి ఉండయి భాయ్. మన వేలిముద్రల లెక్క. అచ్చుతో ఏస్తే అన్నీ ఒకటే అయితయి."

పాషా ఏ కళనున్నాడో సరేనని టీ తాగడానికి పోయాడు. రాజు మధ్యాహ్నం అన్నం కూడా మానేసి గోడ ముందు కూర్చున్నాడు. సాయంత్రం పాషా వచ్చి చూసి, పిల్లలందరి ముందు, "ఏందిది రాజూ? గాడిద కంచెలో పడి గీసుకుపోయిందా?" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. నేను సారునై ఉండి మరీ నవ్వాను. సిగ్గుచేటు.

తడి ఆరకముందే కిరసనాయిలు గుడ్డతో పాషా దాన్ని తుడిచేశాడు. పైన తెల్లరంగు కొట్టి, మర్నాడు అచ్చు పెట్టాడు. రాజు కుంచెలు కడిగి సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. మళ్లీ పాషాతో పనికి రాలేదు. భద్రాచలంలో బండ్లకు నంబర్లు రాసుకుంటూ బతికాడు.

తర్వాత కొన్నాళ్లకు పాషా మనవరాలు ఆఫియా ఫోన్‌లో జీబ్రాల వీడియో పెట్టింది. పాషా ఆపి ఆపి చూశాడట. ఏ రెండింటి చారలూ కలవలేదు. రాజు దగ్గరికి పోయి ఆ ముక్క చెప్పాలనుకున్నాడు. రేపు, ఎల్లుండి అంటూ రెండేళ్లు గడిపాడు. నిరుడు వానాకాలంలో కామెర్లతో రాజు పోయాడు. మట్టి చేసిన చోట పాషా ఏడ్చిన ఏడుపు చూడలేకపోయాను. కానీ ఏం లాభం?

మొన్న గోడలకు మళ్లీ రంగులు వేయమని పాషాని పిలిచాం. అదే రోజు రాజు కూతురు మహిమ వచ్చింది. అంగన్‌వాడీ టీచర్.

"నాన్న జిందగీల ఒక్కటే బొమ్మ ఏసిండట. మీ బడిలనే ఉన్నదని చెప్పేటోడు. రంగులు కొట్టకముందే ఫోటో తీసుకుందామని జల్దీ వచ్చిన సార్."

తుడిచేసిన సంగతి రాజు ఇంట్లో చెప్పలేదన్నమాట. ఆమె జెడ్ దగ్గరికి పోయి ఫోన్ ఎత్తింది, మళ్లీ దించేసింది.

"చాచా, గిది మా అంగన్‌వాడీ గోడ మీదున్నదే గదా?"

అబద్ధం చెబుతాడేమోనని నాకు భయమేసింది. చెబితే బాగుండునని కూడా అనిపించింది. పాషా చేతిలో డబ్బా కింద పెట్టాడు.

"మీ నాయన ఏసింది నేను తుడిచేసిన బిడ్డా. గీ చేతులతోనే."

మహిమ ఫోన్ బ్యాగులో పెట్టేసింది. తర్వాత బ్యాగులోంచి సుద్దముక్క తీసి ఇచ్చింది.

"ఎట్లుండెనో గీసి చూపియ్యి చాచా. గదే ఫోటో తీసుకుంట."

పాషా నేలమీద గుర్రం ఆకారం చకచకా గీశాడు. మెడ మీద ఒక చార పెట్టాడు. చెరిపాడు. ఇంకోటి పెట్టాడు. సుద్ద పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు.

"నేను చూడనేలేదు బిడ్డా," అన్నాడు.

మహిమ నా వైపు తిరిగింది. "సార్, మీరు?"

నవ్వడం ఒక్కటే నాకు గుర్తుంది. ఆ మాటే చెప్పాను.